దూరపు కళాశాలకు పిల్లలను సాగనంపుట

జూలై, ఆగస్టు మాసములు వచ్చినవనగా మన రైల్వే స్టేషన్లలో ఒక విశేషమైన ప్రయాణికవర్గము కనబడును. తండ్రి చేతిలో క్రొత్త పెట్టె, తల్లి చేతిలో గుడ్డతో మూతి బిగించిన ఆవకాయ జాడీ, వారిరువురి నడుమ అప్పుడే పదునెనిమిదవ యేట అడుగిడుచున్న కొడుకో, కూతురో. వీరు యాత్రకు పోవుటలేదు, పెండ్లికి పోవుటలేదు. పిల్లను దూరపు కళాశాలలో దింపుటకు పోవుచున్నారు. పోవునపుడు ముగ్గురు, వచ్చునపుడు ఇద్దరు.

పెట్టెలో ఏమేమి సర్దవలెనో చెప్పువారు ఇంటింటను కలరు. దుప్పట్లు, కందిపొడి, సున్నుండలు, తాళముకప్ప, జ్వరమునకు మాత్రలు, ఇవన్నియు అమ్మమ్మ మొదలు ఎదురింటివారి వరకు ఎవరో ఒకరు జ్ఞప్తిచేయుచునే యుందురు. పెట్టెలో పట్టనివి మాత్రము రెండు కలవు. తన పని తాను చేసికొనగలనను ధైర్యము ఒకటి. చేసికొనలేకపోయిన నాడు ఆ మాట ఇంటికి చెప్పవచ్చునను నమ్మకము రెండవది. మొదటిది మనము చేయి వదలినగాని రాదు. రెండవది మనము తలుపు తెరచియుంచినగాని నిలువదు. ఈ రెండింటిని గూర్చియే నేడు కొంత ముచ్చటింపదలచినాము.

చదువు కొరకు ఇల్లు విడుచుట మనకు క్రొత్త కాదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము స్థాపింపబడువరకు కోస్తా జిల్లాల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయమునకు చెందియుండెను. పై చదువులు కోరినవారు పలువురు మద్రాసు రైలెక్కిరి. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో వెలసెను. ఆ యేడే రాజా బహదూరు వెంకటరామిరెడ్డిగారి పూనికతో ఏర్పడిన రెడ్డి హాస్టలు, పల్లెలనుండి నగరమునకు వచ్చిన విద్యార్థులకు నీడయయ్యెను. హాస్టలులో చేరుటకు శక్తిలేనివారు వారములు చేసికొని చదివిరి. సోమవారము ఒకరి యింట భోజనము, మంగళవారము మరియొకరి యింట. ఈ విధముగ ఏడు దినములకు ఏడు ఇండ్లు.

వారములు చేసికొనుటలోని కష్టమును, చిన్నతనమును మనము తక్కువగ నెంచరాదు. ఒకరి వాకిట ఆకలితో నిలుచుట ఎవరికిని సులభము కాదు. అయినను ఆ యేర్పాటులో మరువరాని గుణమొకటి కలదు. ఆ దినమున పిల్లవాడు భోజనమునకు రాకపోయినచో, “అబ్బాయి యింకను రాలేదేమి?” అని యడుగు ఇల్లాలొకతె యుండెను. వాని విస్తరి ఖాళీగనున్న సంగతి కనిపెట్టు కన్నొకటి ఆ యూర నుండెను. నేటి హాస్టలులో వందలమందికి ఒకేచోట వంట. అన్నమునకు కొరత లేదు. కాని ఒక పిల్ల మూడు పూటలు భోజనశాలకు రాకపోయినను కనిపెట్టువారుందురని చెప్పలేము. వెనుకటి కాలముకంటె మన పిల్లలకు సౌకర్యములు పెరిగినవి. చూచుచుండు కండ్లు తగ్గినవి. దూరపు చదువులోని అసలు కష్టము ఇచ్చటనే కలదు.

ఈ దూరము నేడు మనము కోరి యెన్నుకొనునది కూడ కాదు. ఐ.ఐ.టి.లలోను, ఎన్.ఐ.టి.లలోను సీట్లను 2015 నుండి ఉమ్మడిగ కేటాయించుచున్నారు. పిల్ల తెచ్చుకొన్న ర్యాంకును, కోరిన శాఖను బట్టి ఊరు నిర్ణయమగును. ఎన్.ఐ.టి.లలో సగము సీట్లు ఆ రాష్ట్రమువారికే యున్నను, మిగిలిన సగము దేశమంతటికిని చెందును. అందుచేత అమలాపురపు పిల్ల అస్సాములోని సిల్చరునకును, నల్లగొండ పిల్లవాడు హిమాచలములోని హమీర్‌పూరునకును పోవుట నేడు వింత కాదు. కంప్యూటరు తెరమీద ఊరిపేరు కనబడిన పిమ్మట పటములో ఆ యూరెక్కడనున్నదో వెదకుకొను కుటుంబములను మేమెరుగుదుము.

ఉదాహరణకు ఖరగ్‌పూరును తీసికొందము. మన దేశమున వెలసిన మొదటి ఐ.ఐ.టి. అచ్చటిదే, 1951లో ప్రారంభోత్సవము జరిగినది. బ్రిటిషు ప్రభుత్వము రాజకీయ ఖైదీలను నిర్బంధించిన హిజిలీ శిబిరపు భవనమే దానికి తొలి నిలయము. 1931లో ఆ శిబిరమున జరిగిన కాల్పులలో ఇద్దరు నిర్బంధితులు ప్రాణములు గోల్పోయిరి. ఊరు రైల్వే పట్టణము. బెంగాల్ నాగపూరు రైల్వే నాటినుండియు తెలుగు కుటుంబములనేకము లచ్చట స్థిరపడినవి. పిమ్మట రాష్ట్రపతియైన వరాహగిరి వేంకటగిరిగారు ఆ రైల్వే కార్మికుల సంఘమును నడిపిన నాయకులలో ఒకరు. కనుక అచ్చటి బజారులో తెలుగుమాట చెవినిబడుట దుర్లభము కాదు. ఇట్టి సంగతులు నాలుగు ముందుగ తెలిసికొని పోయిన పిల్లకు ఆ యూరు బొత్తిగ పరాయిదిగ తోచదు. అయినను విజయవాడకును దానికిని నడుమ వేయి కిలోమీటర్లకు పైబడిన దూరము. కూరలో ఆవనూనె వాసన, పప్పులో మన పులుపు లేకుండుట, మన కోస్తావారెరుగని శీతకాలపు చలి, హిందీయో బెంగాలీయో మాటాడు గదిసహచరి, ఇవన్నియు ఒకే వారములో మీదబడును. పదునెనిమిదేండ్ల పిల్లకు ఇది చిన్న పరీక్ష కాదు.

ఈ పరీక్షకు సిద్ధము చేయుట రైలెక్కుటకు నెల దినముల ముందే ఆరంభింపవలెను. మన యిండ్లలో ఇంటర్మీడియటు చదువు పిల్లకు పుస్తకము తప్ప వేరొకటి ముట్టనీయము. మంచినీళ్లు బల్లమీదికి వచ్చును. బట్టలు ఉతికి, మడతపెట్టి అందింతుము. నిద్రలేపుట కూడ మన పనియే. అట్టి రెండేండ్ల పిమ్మట ఒక్కసారిగ, “ఇక నీ పని నీవే చూచుకొనవలెను” అనుట న్యాయము కాదు. ఆ నెలలో ఇంటిపనులు కొన్ని పిల్లకు అప్పగించవలెను. గడియారమున మేలుకొలుపు పెట్టుకొని తానే లేవనిండు. తన బట్టలు తానే ఉతుకుకొననిండు. బ్యాంకుకు తానే పోయి తన పేర ఖాతా తెరచుకొననిండు. నెలకింత యని సొమ్ము చేతికిచ్చి, ఇరువదవ తేదీకే అయిపోయినచో మిగిలిన పదిదినములు ఎట్లు గడుపవలెనో ఇంటిలోనే నేర్చుకొననిండు. ఇంటిలో చేసిన పొరపాటునకు వెల తక్కువ. పరాయి ఊరిలో చేసిన పొరపాటునకు వెల యెక్కువ.

కాగితముల సంగతి యొకటి కలదు. మార్కుల పట్టికలు, బదిలీ పత్రము, కుల, ఆదాయ ధ్రువపత్రములు మొదలగువానికి నకళ్లు తీయించి ఒక కట్ట ఇంటివద్దను, ఒక కట్ట పిల్లవద్దను ఉంచవలెను. విశ్వవిద్యాలయములును, వాటికి చెందిన కళాశాలలును అసలు ధ్రువపత్రములను పరిశీలించి తిరిగి యీయవలెననియు, తమవద్ద నిలుపుకొనరాదనియు విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో నిర్దేశించినది. చేరిన విద్యార్థి ప్రవేశము రద్దుచేసికొన్నచో, విరమించుకొన్న తేదీనిబట్టి ఫీజు తిరిగి చెల్లింపవలసిన విధమును గూడ ఆ నిర్దేశములలోనే తెలిపినది. ఈ సంగతి ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు తెలిసికొనియుండుట మంచిది. ఏలయనగా, తిరిగివచ్చుటకు దారి యున్నదని తెలిసినవారే నిబ్బరముగ ముందునకు పోగలరు.

ఇక చేర్పించు దినము. ఆ దినమున కళాశాల కార్యాలయములో తరచుగ కనబడు దృశ్యమొకటి కలదు. గుమాస్తా పిల్లను పేరడుగును. తండ్రి జవాబు చెప్పును. ఏ శాఖయని యడుగును. తల్లి జవాబు చెప్పును. పిల్ల తన చేతి గోళ్లను చూచుకొనుచు నిలుచుండును. మన యుద్దేశము మంచిదే. పని త్వరగ తెమలవలెనని మన యాతురత. కాని మరునాటినుండి ఆ బల్లయెదుట నిలుచుండవలసినది ఆ పిల్లయే. వరుసలో ఆమెనే ముందు నిలిపి, మనము నాలుగడుగులు వెనుక నుండుట మేలు. పత్రము నింపుటలో తప్పు చేసిన దిద్దుకొనును. వచ్చీరాని హిందీలో మాటాడిన నవ్వువారు నవ్వుదురు. ఆ నవ్వును గూడ మనమున్న నాడే ఎదుర్కొనుట మంచిదికదా!

గదిలో మంచమేది, బీరువాయేది, కిటికీవైపు ఎవరు, తలుపువైపు ఎవరు అను విషయములు గదిలో నుండబోవు పిల్లలే తేల్చుకొనవలెను. తల్లి ముందుగ పోయి మంచి మంచము నాక్రమించినచో, ఆ గదిలో ఏర్పడవలసిన మొదటి స్నేహము చెడును. మన మారసి రావలసినవి వేరు. వార్డెనుగారెవరు, జబ్బు చేసిన వైద్యశాల ఎచ్చట, రాత్రివేళ అవసరము కలిగిన ఎవరిని పిలువవలెను, ఆ తరగతి విద్యార్థుల బాగోగులు చూచుటకు నియమితులైన అధ్యాపకులెవరు అను నాలుగు సంగతులును కాగితముమీద వ్రాసికొనవలెను. గదిసహచరితోను, వీలైనచో ఆమె తల్లిదండ్రులతోను పరిచయము చేసికొని, “మా అమ్మాయి భోజనమునకు రాకపోయిన మాకొక మాట చెప్పమ్మా” అని కోరవలెను. ఇది నిఘా కాదు. వెనుకటి వారముల ఇంటి ఇల్లాలికి బదులుగ మన మేర్పరచు కన్ను అది.

పని ముగిసిన పిమ్మట మరి రెండు దినములు ఆ యూరిలోనే యుండి, ఉదయము సాయంకాలము హాస్టలు గుమ్మమువద్ద కనబడుట వలన పిల్లకు మేలు లేదు. మన మచ్చట నున్నంతవరకు ఆమె ఇంకను మన గదికి అతిథియే, తన గదికి యజమానురాలు కాదు. వీడ్కోలు పొద్దుండగనే చెప్పుట మంచిది. చీకటిపడు వేళ ఒంటరితనము హెచ్చు.

తొలి ఆరు వారములు కష్టకాలము. ఇంటిమీద బెంగ యనునది రోగము కాదు. కన్నవారు, తోబుట్టువులు, అలవాటైన భాష, అలవాటైన భోజనము ఒక్కమారుగ దూరమైనపుడు ఎవరికైనను కలుగునదే. పగలు తరగతులలో నున్నంతసేపు అది యణగియుండును. సాయంకాలము, ఆదివారము, ఒంట్లో బాగులేని దినము, ఇంటిలో పండుగ జరుగుచున్న దినము, అప్పుడు పైకి లేచును. దినచర్య కుదురుకొని, ఇద్దరు ముగ్గురు స్నేహితులు దొరకిన పిమ్మట సాధారణముగ దానంతటదే తగ్గును. కనుక వినాయక చవితినాడు పిల్ల ఫోనులో ఏడ్చినంతమాత్రమున మనము బెంబేలుపడి రైలెక్కనక్కరలేదు. “ఏడ్వకు” అనికూడ అననక్కరలేదు. ఏడ్చుటకు చోటు దొరకుటయే ఆమెకు గొప్ప ఊరట.

పూర్వము వారమునకొక కార్డుముక్క వచ్చెడిది. నేడు చేతిలోనే ఫోనున్నది. గంటకొకమారు మాటాడవచ్చును, ముఖము కూడ చూడవచ్చును. ఈ సౌకర్యమునకు హద్దు మనమే ఏర్పరచుకొనవలెను. దినమునకు పదిమార్లు మాటాడు పిల్ల శరీరము మాత్రమే హాస్టలులో నుండును. మనస్సు వంటయింటిలోనే తిరుగుచుండును. దినమునకొక వేళ నిర్ణయించుకొని, ఆ వేళకు తప్పక మాటాడుట ఉభయులకును మంచిది. ఏమి మాటాడవలెననుట అంతకంటె ముఖ్యము. “మార్కులెన్ని? నీ కంటె ఎవరికెక్కువ వచ్చినవి?” అను ప్రశ్నలతో మొదలైన సంభాషణ, “బాగానే యున్నాను నాన్నా” అను ముక్తసరి జవాబుతో ముగియును. “ఈ దినము ఎవరితో కలిసి భోజనము చేసితివమ్మా? రాత్రి ఎన్ని గంటలకు పండుకొంటివి?” అని యడిగిన, చెప్పవలసిన సంగతులు వాటియంతట అవియే వచ్చును.

బెంగ వేరు, ప్రమాదము వేరు. రెండువారములు గడచినను నిద్ర పట్టకుండుట, తిండి సహింపకుండుట, తరగతులకు పోక గదిలోనే యుండిపోవుట, స్నేహితులను తప్పించుకొనుట, “నేనుండియేమి లాభము” అను మాట నోట వచ్చుట, ఇవి బెంగకు మించిన సూచనలు. ఆ కడపటి మాట విన్నచో రెండువారములు కాదు, రెండు గంటలుకూడ ఆలస్యము చేయరాదు. వార్డెనుగారికి వెంటనే తెలిపి, పిల్ల ఒంటరిగ లేకుండ చూచి, దొరకిన మొదటి రైలులోనో, విమానములోనో పోవలెను. మానసిక వైద్యసహాయమునకై కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలీ మానస్ అను సేవకు 14416 అను సంఖ్యపై రాత్రింబవళ్లు ఎవరైనను ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటాడవచ్చును. సీనియర్ల వేధింపు సంగతి పిల్లలు సిగ్గుచేత చెప్పరు. మన రాష్ట్రమున ర్యాగింగును నేరముగ పరిగణించు చట్టము 1997లోనే వచ్చినది. దేశమంతటికిని వర్తించు నిబంధనలను నిధుల సంఘము 2009లో చేసినది. ఫిర్యాదు చేయుటకు 1800 180 5522 అను సంఖ్య కలదు. ఈ సంఖ్యలు పెట్టెలోని మాత్రలవంటివి. వాడవలసిన యవసరము రాకపోవచ్చును, ఉండితీరవలెను.

పదవ తరగతి ముగియగనే పోవు పిల్లల విషయమున మరింత మెలకువ కావలెను. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో ఏర్పడిన సాంకేతిక విద్యాలయములు ఆరేండ్ల చదువునకై పల్లెల పిల్లలను పదునైదు పదునారేండ్ల వయస్సుననే చేర్చుకొనుచున్నవి. వేలకొలది పేదయిండ్లకు అవి దారి చూపినవి. అయినను పదునైదేండ్ల పిల్ల పదునెనిమిదేండ్ల పిల్ల కాదు. అచ్చట చేయి వదలుట క్రమక్రమముగ జరుగవలెను. మొదటి యేడు మనము తరచుగ పోయి చూచుచుండవలెను.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. అప్పుచేసియో, పొలమమ్మియో పిల్లను చదివించు కుటుంబములు మనలో ననేకము కలవు. ఆ త్యాగము గొప్పది. కాని, “నీకోసమే ఇంత అప్పు చేసినాము, మా పరువు నీ చేతిలోనున్నది” అను మాట స్టేషనులో వీడ్కోలుగ చెప్పినచో, ఆ క్షణముననే ఇంటి తలుపు మూతబడును. ఆ పిమ్మట పిల్లకు చదువు రాకపోయినను, ఒంట్లో బాగులేకపోయినను, మనస్సు విరిగిపోయినను చెప్పుటకు నోరు రాదు. అప్పు సంగతి పిల్లకు తెలియరాదని మేమనుటలేదు. ఇంటి లెక్కలు తెలిసియుండుట మంచిదే. అది లెక్కగ తెలియవలెనుగాని, మెడకు కట్టిన రాయిగ కాదు. లెక్క చెప్పిన నోటితోనే, “నీవు లేకుండ ఆ సొమ్ము మాకెందుకమ్మా? నీకచ్చట కుదరకున్న వచ్చివేయుము; వేరొక దారి చూతము” అని చెప్పవలెను.

ఇట్లు చెప్పినచో పిల్లలు చిన్న కష్టమునకే తిరిగివచ్చెదరని కొందరు భయపడుదురు. గాంధీమహాత్ముని విద్యార్థిజీవితమును వారొకమారు తలచుకొనవలెను. 1888 ఆరంభమున ఆయన భావనగరములోని సామలదాసు కళాశాలలో చేరిరి. పాఠములు తలకెక్కలేదు. మొదటి టరము కాగనే ఇంటికి తిరిగివచ్చిరి. తండ్రి అంతకు మూడేండ్ల క్రిందటనే గతించెను. ఇంటివారు ఆయనను పనికిరానివానిగ త్రోసివేయలేదు. వేరొక దారి ఆలోచించిరి. ఆ యేడే సెప్టెంబరులో ఆయన లండనునకు ఓడయెక్కిరి. అచ్చటను తొలి దినములలో తల్లి ప్రేమ జ్ఞప్తికివచ్చి రాత్రులు కన్నీరు కార్చినట్లు ఆత్మకథలో తామే వ్రాసికొనిరి. అయినను ఈమారు నిలిచిరి, చదువు ముగించిరి. భావనగరమునుండి తిరిగివచ్చుట ఆయనకు అవమానముగ పరిణమించియుండినచో లండను మాట ఎవరు తలపెట్టియుందురు? తిరిగివచ్చుటకు చోటున్నవాడే మరల బయలుదేరగలడు.

తల్లిదండ్రుల బెంగనుగూర్చి ఒక్క మాట. పిల్ల పోయిన ఇంటిలో అన్నము ఒక పిడికెడు మిగులును. సాయంకాలము తలుపు చప్పుడైన తల త్రిప్పి చూతుము. ఇది సహజము, దాచుకొననక్కరలేదు. కాని ఆ బరువును ఫోనులో పిల్లమీద దింపరాదు. “నీవు లేక మీ అమ్మ అన్నమే తినుటలేదు” అని విన్న పిల్ల అచ్చట ముద్ద మింగలేదు. ఇంటిలో రెండవ పిల్లవాడుండిన, ఇన్నాళ్లు అక్క చదువు ధ్యాసలో వానిని ఎంత మరచితిమో గుర్తించుటకు ఇది సమయము. ఎవరును లేకున్న, భార్యాభర్తలు పదునెనిమిదేండ్లుగ వాయిదావేసిన మాటలు ఎన్నియో యుండును, అవి మాటాడుకొనవచ్చును.

దసరా సెలవులకు పిల్ల ఇంటికి వచ్చును. అప్పటికి మాటతీరులోను, తిండిలోను, నిద్రవేళలలోను కొంత మార్పు వచ్చియుండును. “ఇంతలోనే మారిపోయితివా?” అని నిష్ఠూరమాడక, ఆ మార్పులో తన పని తాను చేసికొనుట ఎంత కలదో చూడవలెను. వచ్చిన నాటిరాత్రి ఏ పరీక్షనుగూర్చియు అడుగక, కడుపునిండ అన్నము పెట్టి నిద్రపోనీయవలెను. చెప్పవలసినది ఏమైన నున్నచో మరునాడు తానే వంటయింటి గడపమీద కూర్చుండి చెప్పును. అప్పుడు వినుటకు మనకు తీరిక యుండవలెను.